పాతకాలపు వంటిల్లు కావాలా? గోడ కొట్టే ముందు ఇవి చూసుకోండి

చిన్న వంటింటిని అమ్మమ్మగారి ఇంటి పద్ధతిలో మార్చుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది గోడలో గూళ్లు. పాత ఇళ్ల గోడలు లావు కాబట్టి అక్కడ కుదిరాయి. ఇప్పటి ఫ్లాట్లలో గదుల మధ్య గోడ చాలాచోట్ల నాలుగున్నర అంగుళాలే. తొలిస్తే ఇంకేం మిగలదు, పైగా లోపల కరెంటు పైపు ఉండొచ్చు. బరువు మోసే గోడైతే ఇంజనీరు చూసి సరేనన్నాకే సుత్తి పట్టనివ్వండి. మేస్త్రి "ఏం కాదండీ" అన్నాడని ధైర్యపడొద్దు.

అన్నిటికంటే భయపడాల్సింది గ్యాస్ గురించి. సిలిండరు కనిపించకూడదని గట్టు కింద చెక్క తలుపులు బిగించేస్తున్నారు. వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీదే పేరుకుంటుంది. అందుకే తలుపు అడుగున జాలీ, బయటి గోడకు నేల దగ్గరే గాలి రంధ్రం తప్పనిసరి. సిలిండరు నిలువుగా ఉండాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. కింద కూర్చుని వండుకునేలా పొయ్యి తిన్నె కట్టించాలని ఉంటే, సిలిండరు పెట్టుకునే ఇంట్లో ఈ ఒక్క కారణంతో మానుకోండి. ట్యూబును గోడలోంచి లాగొద్దు, ఐదేళ్లకోసారి మార్చండి. పని జరిగినన్నాళ్లూ రెగ్యులేటరు తీసి, మూత పెట్టి, సిలిండరును గాలి తగిలేచోట బయట ఉంచండి. వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా కిటికీలు తెరిచి, బయటికొచ్చి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి.

గట్టుకు కడప బండో తాండూరు బండో వేయించాలని చాలామంది ముచ్చటపడతారు. నాకూ అవంటే ఇష్టమే. కానీ రెండూ సున్నపురాళ్లు. చింతపండు రసం, నిమ్మరసం పడి కాసేపు ఉంటే నునుపు పోయి మచ్చ పడుతుంది, తోమినా పోదు. కొనేముందు ఒక ముక్క తెచ్చుకుని, నిమ్మరసం చుక్కలు వేసి రాత్రంతా ఉంచి చూడండి. పొయ్యి, సింకు ఉండేచోట నల్ల గ్రానైటు వేయించి, కడప బండను అరలకు వాడుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

రోలు గట్టు మీద వద్దు, దంచే దెబ్బలకు పలక బీటలిస్తుంది. అలంకారానికి తెచ్చిన ఇత్తడి గిన్నెల్లో కళాయి (తగరం) పూత లేకుండా పులుసు కాచొద్దు.

ఎర్ర గచ్చు చేయిస్తుంటే కనీసం వారం పాటు తడుపుతూ ఉండాలి, ఆ రోజుల్లో దాని మీద ఎవరూ నడవకూడదు. కాబట్టి వంటకు వేరే ఏర్పాటు చూసుకున్నాకే పని మొదలుపెట్టండి. ఇంట్లో శుభకార్యం దగ్గరలో ఉంటే అది అయ్యాకే చేయించండి.