లిథియం ప్యాక్ సొంతంగా కడుతున్నారా? సెల్‌కొక ఫ్యూజు పెట్టండి

"బీఎంఎస్ ఉంది కదా, మళ్లీ ఈ ఫ్యూజులెందుకు" అని అడిగేవాళ్లే ఎక్కువ. బీఎంఎస్ అంటే సెల్స్ వోల్టేజి, కరెంటు చూసుకుంటూ తేడా వస్తే ప్యాక్‌ని ఆపేసే బోర్డు. ఐదు 18650 రకం గుండ్రటి సెల్స్‌ని ప్యారలల్‌గా (ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట) కలిపారంటే బీఎంఎస్‌కి అవి ఐదు కాదు, ఒకే పెద్ద సెల్. వాటిలో ఒకటి లోపల షార్ట్ అయితే మిగతా నాలుగూ తమ దగ్గరున్నదంతా దానిలోకే కుమ్మరిస్తాయి, ఆ కరెంటు బీఎంఎస్ గుండా గానీ మెయిన్ ఫ్యూజు గుండా గానీ పోదు కాబట్టి వాటికి అసలు సంగతే తెలీదు. టెస్లా మోడల్ ఎస్ 85 కిలోవాట్ అవర్ ప్యాక్‌లో 7104 సెల్స్ ఉండేవి, 74 చొప్పున ప్యారలల్‌లో. ప్రతి సెల్‌నీ సన్నటి అల్యూమినియం తీగతో కలిపింది ఇలాంటప్పుడు ఆ తీగ తెగిపోవాలనే.

అయితే షార్టయిన సెల్‌ని ఫ్యూజు బతికించదు. తనలో ఉన్న ఛార్జితో అది వేడెక్కితే వేడెక్కుతుంది, మంట కూడా రావచ్చు. పక్కవాటి ఛార్జి దానికి తోడవకుండా చూడటం వరకే ఫ్యూజు పని. మెల్లగా డ్రెయిన్ అయ్యే సెల్‌ని కూడా ఇది పట్టుకోదు. అలాంటివాటిని ప్యాక్ కట్టకముందే ఏరేయాలి, ఫుల్ ఛార్జి చేసి రెండు మూడు వారాలు పక్కన పెట్టి వోల్టేజి చూస్తే బయటపడతాయి.

ఇప్పుడు రేటింగ్. ఎలక్ట్రిక్ సైకిల్‌కి 36 వోల్టుల 10ఎస్5పీ ప్యాక్ అనుకుందాం, అంటే ఐదేసి సెల్స్ ప్యారలల్‌గా ఉన్న పది గ్రూపులు సిరీస్‌లో. కంట్రోలర్ 15 ఆంప్స్ లాగితే ఒక్కో సెల్ మీద 3 ఆంప్స్ పడతాయి. ఫ్యూజు దీన్ని హాయిగా మోయాలి, దీనికి రెండింతలు దాటాక తెగాలి. 0.2 మిల్లీమీటర్ల రాగి తీగ లెక్క ప్రకారం దాదాపు 7 ఆంప్స్‌కి కరుగుతుంది, 0.25 అయితే 10కి. పాత కిట్‌క్యాట్ ఫ్యూజులకి వాడే తగరం పూత తీగ ఎలక్ట్రికల్ షాపుల్లో ఇప్పటికీ దొరుకుతుంది, కానీ చుట్ట మీద రాసిన ఆంప్స్‌ని నమ్మకుండా మైక్రోమీటర్‌తో మందం కొలవండి. షార్ట్ జరిగినప్పుడు పాడైన సెల్ ఫ్యూజులోంచి మిగతా నాలుగింటి కరెంటూ కలిసి పోతుంది కాబట్టి ముందు తెగేది అదే. రెండేసి సెల్స్ మాత్రమే ప్యారలల్‌గా ఉన్న 2పీ ప్యాక్‌లో ఆ సౌకర్యం లేదు, కరెంటు తోసేది ఒక్క సెల్లే, ఒక్కోసారి తెగకపోవచ్చు కూడా.

లెక్క లెక్కే. పొట్టి తీగకి రెండు చివర్లా ఉన్న లోహం వేడిని లాగేస్తుంది, అందుకే నిజంగా ఎంతకి తెగుతుందో పరీక్షించి తీరాలి. బెంచ్ సప్లై (కరెంటు మనం సెట్ చేసుకోగల పవర్ సప్లై) లేకపోతే 12 వోల్టుల బ్యాటరీ, 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బులు చాలు, ఒక్కో బల్బు నాలుగున్నర ఆంప్స్ పైనే లాగుతుంది. ఒక బల్బుకి తీగ నిలబడాలి, ప్యారలల్‌గా కలిపిన మూడింటికి కొన్ని సెకన్లలో తెగాలి. చల్లటి ఫిలమెంట్ మొదటి క్షణంలో చాలా ఎక్కువ లాగుతుంది కాబట్టి ముందు ఫ్యూజు రెండు చివర్లనీ కలుపుతూ ఒక లావుపాటి వైరు పెట్టి, బల్బులు వెలిగాక దాన్ని తీసేయండి. కళ్లద్దాలు తప్పనిసరి, కరిగిన రాగి చిందుతుంది.

బిగించేటప్పుడు ఉంగరాలు, వాచీ తీసేయండి. సెల్ మీద నేరుగా సోల్డర్ చేయడం నాకు నచ్చదు, ముఖ్యంగా పాజిటివ్ వైపు, ఆ టోపీ కిందే సీలూ, లోపలి గ్యాస్ బయటికి వదిలే వెంటూ ఉంటాయి. ముందు నికెల్ ముక్క స్పాట్ వెల్డ్ చేసి, ఆ ముక్క బయటికి వచ్చిన చివరకి తీగని అతికించండి. ఫ్యూజు ఒక్క వైపు ఉంటే సరిపోతుంది. పాజిటివ్ చుట్టూ ఉన్న అంచు నెగటివే, మధ్యలో ఉన్నది పల్చటి ప్లాస్టిక్ తొడుగు ఒక్కటే, కాబట్టి అక్కడ ఇన్సులేటింగ్ పేపర్ రింగు వేయకుండా ముందుకెళ్లొద్దు. తీగ కొంచెం వదులుగా గాలిలో ఉండాలి, చుట్టుపక్కల దేనికీ తగలకూడదు. హాట్ గ్లూ పూయడం అస్సలు వద్దు. అది కాలుతుంది, పైగా వేడిని పీల్చి ఫ్యూజు రేటింగే మార్చేస్తుంది.

సోలార్ కోసం గోడ పక్కన కదలకుండా ఉండే ప్యాక్‌కి తీగ బాగుంటుంది. సైకిలూ స్కూటరూ అయితే మన రోడ్ల కుదుపులకి సన్న తీగ అలిసి తెగిపోతుంది, నడుము సన్నగా కోసిన నికెల్ స్ట్రిప్ మేలు. దానికీ అదే బల్బుల పరీక్ష.

ఇవన్నీ పెట్టాక కూడా మెయిన్ ఫ్యూజు మానొద్దు. బయట షార్ట్ అయితే ఆ చిన్న తీగల మీద పడేది ఒక్క సెల్ 4.2 వోల్టులు కాదు, ఫుల్ ఛార్జిలో ఉన్న ప్యాక్ మొత్తం 42 వోల్టులు. అన్నిటికంటే చివర్లో తెగే తీగల దగ్గర ఆర్క్ (తెగిన చోట గాలిలోంచి దూకే నిప్పు) ఆగకపోవచ్చు. కాబట్టి మీ వోల్టేజికి సరిపడా డీసీ రేటింగ్ ఉన్న మెయిన్ ఫ్యూజే పెట్టండి.

ఒక సెల్ ఫ్యూజు తెగినా బండి ఆగదు, అదే చిక్కు. ఒక గ్రూపు మిగతావాటికంటే ముందే ఖాళీ అవుతూ, ముందే నిండుతూ ఉంటే అనుమానించండి. లోడ్ మీద ఒక్కో ఫ్యూజుకి అటూ ఇటూ మల్టీమీటర్ పెడితే బాగున్నవి ఇరవై ముప్పై మిల్లీవోల్టులు చూపిస్తాయి, తెగినది అంతకంటే చాలా ఎక్కువ చూపిస్తుంది. అక్కడ కొత్త తీగ అతికించేసి వదిలేయొద్దు, ఆ సెల్‌ని తీసి బయట ఇసుక డబ్బాలో పెట్టి తర్వాత ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి.

పెద్ద ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్రిస్మాటిక్ సెల్స్‌ని, అంటే పెట్టె ఆకారంలో ఉండేవాటిని, ఒక్కోటిగా సిరీస్‌లో కడితే ఈ తీగల గొడవే అక్కర్లేదు, కరెంటు తోసే తోడు సెల్ ప్యారలల్‌లో లేదు కదా. అక్కడ డబ్బంతా భారీ షార్ట్ కరెంటుని కూడా ఆపగల మంచి క్లాస్ టీ రకం మెయిన్ ఫ్యూజు మీద పెట్టండి.