పాత జేబుకత్తి స్ప్రింగు విరగకుండా ఉండాలంటే

ఇంగ్లండులోని షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్ వంటి చోట్ల తయారైన పాత జేబుకత్తులను సేకరించేవారికి తరచుగా ఎదురయ్యే చికాకు, ఏళ్ల తరబడి మూసి ఉన్న బ్లేడును బలవంతంగా లాగగానే, దానిని బిగించి పట్టి ఉంచే వెనుక స్ప్రింగు టప్పున విరిగిపోవడం. దానిని మార్చాలంటే రివిట్లు తొలగించి కత్తిని పూర్తిగా విప్పవలసి వస్తుంది కనుక, పాత వస్తువుగా దానికున్న విలువ కూడా తగ్గుతుంది.

అందుచేత బిగుసుకుపోయిన కత్తిని వెంటనే తెరవకుండా, బ్లేడు తిరిగే కీలులో రెండు మూడు చుక్కల కుట్టుమిషను నూనె వేసి ఒక రాత్రి అలాగే ఉంచాలి. మర్నాడు మందపాటి గుడ్డతో బ్లేడు వీపును పట్టుకుని కొద్దిగా మాత్రమే కదిపి, కీలులోంచి ఊరే నల్లటి తుప్పు మడ్డిని తుడిచి, నూనె తేటగా వచ్చేవరకు ఇదే పని మళ్లీ మళ్లీ చేయాలి. గోటితో లాగితే ముందు విరిగేది గోరే. ఒకే స్ప్రింగు మీద రెండు బ్లేడ్లు పనిచేసే కత్తిలో రెండింటినీ ఒకేసారి సగం వరకు తెరవకూడదు, ఆ స్థితిలో స్ప్రింగు మీద భారం బాగా పెరుగుతుంది.

స్ప్రింగులో, ముఖ్యంగా నడిమి రివిట్టు దగ్గర, ముందే నెర్రె పడి ఉంటే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. ఎముక లేదా కర్ర పిడి ఉన్న కత్తిని మొత్తంగా నూనెలో ముంచితే పిడికి మరకలు పడతాయి.