మొఘలులు గుర్తుండాలంటే ముందు శత్రువుల పేర్లు రాయండి

బాబర్, హుమాయూన్, అక్బర్... ఈ వరుస అందరికీ నోటికొస్తుంది. చౌసాలో ఎవరితో ఎవరు పోరాడారంటే మాత్రం పెన్ను ఆగిపోతుంది. కావలిలో మా మిద్దె మీద ట్యూషన్ చెబుతూ ఏటా చూసేది ఇదే. అందుకే వరుస అప్పజెప్పించుకోవడం మానేశాను.

తెల్ల కాగితం మధ్యలో నిలువు గీత కొట్టండి. కుడివైపు చక్రవర్తి, ఎడమవైపు అతనికి నిద్ర లేకుండా చేసినవాడు. ఎడమవైపే ముందు నింపాలి.

అన్నిటికంటే పైన 1514, ఉదయగిరి అని రాయిస్తాను. "దానికీ మొఘలులకీ ఏంటి సార్ సంబంధం?" అంటారు. ఆ ఏడాది కృష్ణదేవరాయలు గజపతుల నుంచి మన ఉదయగిరి కోట తీసుకున్నాడు. మరో పన్నెండేళ్లకు, 1526లో, పానిపట్టులో బాబర్ ఇబ్రహీం లోడీని ఓడించాడు. బాబర్ తన ఆత్మకథలో గొప్ప హిందూ రాజులుగా చెప్పింది ఇద్దరినే: విజయనగర రాజు, రాణా సంగా. సంగాతో 1527లో ఖాన్వా దగ్గర తలపడ్డాడు కూడా. ఉదయగిరి కొండెక్కి వచ్చిన పిల్లలు ఈ గడిని మరిచిపోరు.

హుమాయూన్‌కి షేర్ షా ఒక్కడు చాలు: చౌసా 1539, కనౌజ్ 1540. అక్బర్‌కి హేము, 1556. రాణా ప్రతాప్, హల్దీఘాటీ, 1576. అక్కడ మొఘల్ సేనను నడిపింది అక్బర్ కాదు, రాజపుత్రుడైన మాన్‌సింగ్. అతని పేరు గీత మీదే రాయించండి.

జహంగీర్ దగ్గర కాస్త ఆగాలి. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడై దక్కనుకు వచ్చి, అహ్మద్‌నగర్ రాజ్యాన్నే నడిపినవాడు మాలిక్ అంబర్. 1626లో చనిపోయేదాకా మొఘలులకు కొరకరాని కొయ్యే. అతని తలను బాణంతో కొడుతున్నట్టు జహంగీర్ బొమ్మ వేయించుకున్నాడు. ఫోన్లో ఆ బొమ్మ చూపిస్తే, "చేతికి దొరక్క బొమ్మలో కొట్టాడా సార్!" అని ఒకడు పడీపడీ నవ్వాడు. ఇక వాడు మాలిక్ అంబర్‌ని మరిచిపోవడం కల్ల.

షాజహాన్ గడి చిన్నది. అహ్మద్‌నగర్ కథ 1636లో ముగిసిందని రాస్తే సరి.

ఔరంగజేబుకు ఇంకో కాగితం అతికించుకోవాల్సిందే. ముందు సొంత అన్న దారా, సాముగఢ్, 1658. తర్వాత శివాజీ: పురంధర్ సంధి 1665, ఆగ్రా నుంచి తప్పించుకోవడం 1666, పట్టాభిషేకం 1674. ఆపైన బీజాపూర్ 1686, గోల్కొండ 1687. ఈ రెండింటినీ ఒకసారి నేనే తిరగేసి చెప్పి, ఓ అమ్మాయికి మార్కు పోగొట్టాను.

రాత్రి పడుకోబోయే ముందు కుడివైపు మడిచి, ఎడమ పేరు చూసి చక్రవర్తి ఎవరో చెప్పించండి. సంవత్సరాలు మాత్రం పెన్సిల్‌తో రాయించి, పుస్తకంతో సరిచూశాకే పెన్నుతో దిద్దించండి.