టెర్మినల్‌లో తెలుగు ఫైళ్లు: కంటికి కనబడని గుర్తులను పట్టుకోవడం

తెలుగు పాఠం ఉన్న ఫైళ్లపై కమాండ్లు నడిపే ముందు, తెరపై కనిపించే అక్షరం వేరు, ఫైలులో ఉన్న బైట్లు వేరు అన్న సంగతిని ఒకసారి కళ్లారా చూడాలి. ‘అమ్మ’ అనే మాటను ప్రింట్‌ఎఫ్ నుంచి పైపు ద్వారా లెక్కపెట్టే కమాండ్ డబ్ల్యూసీకి పంపి, బైట్ల కోసం హైఫన్ సి ఇస్తే 12, గుర్తుల కోసం హైఫన్ ఎం ఇస్తే 4 వస్తాయి. అ, మ, పొల్లు, మ అనే నాలుగు కోడ్‌పాయింట్లు (యూనికోడ్ సంఖ్య ఉన్న గుర్తులు) యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటాయి. చదివేవారికి మాత్రం అవి రెండే అక్షరాలు. హైఫన్ ఎంకు కూడా 12 వస్తే లొకేల్ (టెర్మినల్‌లో భాష, అక్షరాల అమరిక) సరిగా లేదన్నమాట.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే పక్క అక్షరం వత్తుగా కలవకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు. ఒక అనువాద ఫైలులో ‘సర్వర్’ అనే మాట రెండు చోట్ల అచ్చంగా ఒకేలా కనబడుతున్నా, రెండూ సమానం కావని టెస్టు పదేపదే విఫలమైంది. ఫైళ్లను పోల్చే డిఫ్ కూడా తేడా ఉందనే చెప్పింది. ఆ వరుసను బైట్లుగా చూపే ఎక్స్‌ఎక్స్‌డీకి పంపి చూస్తే, ఒక మాట చివర ఈ2 80 8సి అనే మూడు బైట్లు అదనంగా ఉన్నాయి; అవే ఆ గుర్తు. ఇటువంటి వరుసలన్నీ దొరకాలంటే ఫైలులో వెతికే గ్నూ గ్రెప్‌కు హైఫన్ ఎన్, హైఫన్ పెద్ద పి ఇచ్చి, బ్యాక్‌స్లాష్, చిన్న ఎక్స్, ఆపై ఫ్లవర్ బ్రాకెట్లలో ఆ గుర్తు యూనికోడ్ సంఖ్య 200సి అని నమూనాగా రాయాలి. అయితే దొరికినవన్నీ గుడ్డిగా తొలగించవద్దు: ‘సాఫ్ట్‌వేర్’ మధ్యలో ఉన్నది తీసేస్తే అది ‘సాఫ్ట్వేర్’ అయి, వకారం కూడా వత్తుగా మారి ముందున్న అక్షరంలో కలిసిపోతుంది. మాట చివర, ఖాళీకి ముందు ఉన్నవాటిని తీసివేస్తే చాలు.

కోత విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. హెడ్‌కు హైఫన్ సి 4 (మొదటి 4 బైట్లు) ఇస్తే ‘అమ్మ’లో అకారం తర్వాత విరిగిన బైటు ఒకటి మిగులుతుంది. పైథాన్‌లో మొదటి మూడు కోడ్‌పాయింట్లను స్లైస్ చేస్తే బైట్లు విరగవు కానీ ‘అమ్’ వస్తుంది.

ఇక ఫైళ్ల మార్పులను నమోదు చేసే గిట్ స్టేటస్‌లో తెలుగు ఫైలు పేర్లకు బదులు బ్యాక్‌స్లాష్ 340, బ్యాక్‌స్లాష్ 260 వంటి అంకెలు కనిపిస్తే, గిట్ కాన్ఫిగ్‌లో కోర్ డాట్ కోట్‌పాత్‌ను ఫాల్స్ చేయండి. పేర్లు తెలుగులోనే కనబడతాయి.