గులాబ్‌జామ్ పాకం మిగిలితే పారబోయకండి

జామూన్లు అయిపోయాక గిన్నెలో గ్లాసుడు పాకం మిగిలిపోద్ది కదా, మా ఇంట్లో ప్రతిసారీ సింకులోకే పోయేది, పంచదార పోతోందని ప్రాణం ఉసూరుమనేది. ఇప్పుడు వెంటనే టీ జల్లెట్లో వడగట్టి, ఐదు నిమిషాలు మరగనిచ్చి, చల్లారాక తడిలేని గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడుతున్నా. గ్లాసు చల్లటి నీళ్లకి అరచెక్క నిమ్మకాయ, రెండు మూడు స్పూన్ల పాకం, చిటికెడు ఉప్పు, అంతే, పంచదార కరిగేదాకా తిప్పక్కర్లేదు, యాలకుల వాసన కూడా బాగుంటది. లేదా ఇంకాస్త మరిగించి ముదురు పాకం చేసి గ్లాసు పిండితో చేసిన గవ్వల్లో కలిపేయొచ్చు.

జామూన్లు విరిగి పాకంలో కలిసిపోతే మాత్రం దాచొద్దు, కోవా ఉంటది కాబట్టి పులిసిపోద్ది. బాగున్నదైనా నాలుగు రోజుల్లో వాడేయండి.