మనసును కదిలించిన భారాన్ని పనిగా మార్చుకోవడం ఎలా?

దేవుడు తమను ఏ పనికి ఏర్పరచుకున్నాడో తెలియక బాధపడే విశ్వాసులు చాలామంది ఒక కల కోసమో, స్వరం కోసమో ఎదురుచూస్తుంటారు. బైబిలులో, షూషను కోటలో పర్షియా రాజుకు ద్రాక్షారసం అందించే కొలువులో ఉన్న యూదుడు నెహెమ్యాకు మాత్రం యెరూషలేము గోడలు కూలిపోయి ఉన్నాయన్న వార్త తప్ప మరేదీ రాలేదు. అది కూడా యూదా నుండి వచ్చినవారిని అతడే అడిగి తెలుసుకున్నాడు. కాబట్టి ఎవరూ అడగకపోయినా మీరు పదేపదే వాకబు చేస్తున్న సంగతి ఏదో ముందుగా గమనించి రాసుకోండి.

కదిలించినదల్లా పిలుపు కాదు. ఆదివారం కన్నీళ్లు పెట్టించిన సాక్ష్యం మంగళవారానికి గుర్తుండకపోవచ్చు. నెహెమ్యా యూదుల కిస్లేవు మాసంలో ఏడ్చి, ఉపవాసముండి ప్రార్థించాడు; రాజు ఎదుట నోరు విప్పింది నీసానులో, అంటే సుమారు నాలుగు నెలల తరువాత. మీరూ అంత గడువు పెట్టుకొని, ఆలోగా ఆ భారం తగ్గుతున్నదో పెరుగుతున్నదో చూసుకోవాలి. ఆ నెలల్లో అతడు ప్రార్థనతోపాటు లెక్కలు కూడా వేసుకొని ఉంటాడని నా అభిప్రాయం. ఎందుకంటే రాజు ఎంతకాలం పడుతుందని అడిగిన వెంటనే గడువు చెప్పి, అధిపతులకు లేఖలూ, అడవిని కాచే ఆసాపు వద్ద నుండి మ్రానులూ కావాలని కోరాడు. ఎవరి అనుమతి, ఎంత డబ్బు, ఎన్నాళ్లు అన్న మూడు ప్రశ్నలకు జవాబులు రాయకుండా "ప్రార్థనలో ఉన్నాం" అనడం చాలాసార్లు సాకే అవుతుంది.

ఆ తరువాత స్వయంగా వెళ్లి చూడండి. నెహెమ్యా యెరూషలేము చేరిన మూడు రోజులకు, దేవుడు తన హృదయంలో పుట్టించిన ఆలోచనను ఎవరికీ చెప్పకుండా, రాత్రివేళ కొద్దిమందితో వెళ్లి గోడలను పరిశీలించాడు. మనవాళ్లు కరపత్రం ముందు అచ్చువేసి, స్థలం తరువాత చూస్తారు.

సిద్ధపాటుకు ఏళ్లు పట్టవచ్చు. అమెరికన్ మిషనరీ కుటుంబంలో పుట్టినా మిషనరీ కావడం ఇష్టంలేని ఐడా స్కడర్ తమిళనాడులోని తిండివనంలో ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు మగవారు వచ్చి ప్రసవవేదనలో ఉన్న తమ భార్యలకు సాయం చేయమని ఆమెను అర్థించారు. డాక్టరైన ఆమె తండ్రి వస్తానన్నా, పరాయి మగవాడిని రానివ్వలేమన్నారు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె మరునాడే ఆసుపత్రి తెరవలేదు. అమెరికా వెళ్లి 1899లో వైద్యపట్టా పుచ్చుకొని, 1900లో తిరిగివచ్చి, వేలూరులో ఒక్క మంచంతో వైద్యం ఆరంభించింది. చిత్తూరు వైపు నుండి నేటికీ మన రోగులు వెళ్లే సి.ఎం.సి. (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి అలా మొదలైనదే.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది తేలకపోతే నెహెమ్యా గ్రంథం మూడవ అధ్యాయం చదవండి. అందులో పలువురు ఎవరి యింటికి ఎదురుగా ఉన్న గోడను వారు బాగుచేసుకున్నారు. మొత్తం గోడ 52 దినాల్లో పూర్తయింది. మీ భారం చదువు మానేసిన పిల్లల గురించైతే, సంస్థ పేరు రిజిస్టరు చేయించే ముందు మీ వీధిలో బడి మానేసిన ఒక్క పిల్లవాడి ఇంటికి ఈ వారమే వెళ్లి, ఎందుకు మానేశాడో వాళ్లమ్మను అడగండి.