నీళ్ల దగ్గరికి వెళ్తున్న మన అక్కలకు: దిగొద్దు, చీర విసరండి

ఈ నెల రెండో శనివారం మన చర్చి స్త్రీల సమాజం రిట్రీట్ లక్నవరం చెరువు దగ్గర అని ఆరాధన అయ్యాక చెప్పినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ వస్తున్నాను. కానీ మొన్నటి వానలకు మన దగ్గర చెరువులన్నీ నిండి మత్తడి (అలుగు) దూకుతున్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అందుకే ఇది రాస్తున్నాను. మందులు తెచ్చుకోండి, టార్చి తెచ్చుకోండి అని చెప్పను. అవి మీకు తెలుసు. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే ఉంది. అది కళ్లారా చూసినదాన్ని కాబట్టి చెప్తున్నాను.

కొన్నేళ్ల కిందట ఇలాగే సెప్టెంబరులో నర్సంపేట వైపు ఒక చెరువు దగ్గరికి పదిహేను మందిమి వెళ్లాం. స్నానానికి దిగుదామని ఎవరూ అనుకోలేదు. పులిహోర, పెరుగన్నం తిని, టిఫిన్ బాక్సులు కడుగుదామని ఒక చెల్లెలు తూము పక్క మెట్లు దిగింది. రెండో మెట్టు మీద నాచు. చేతిలో స్టీలు బాక్సు అలాగే ఉంది, మనిషి మాత్రం నడుము దాకా వెళ్లిపోయింది. పక్కనున్న ఆమె తోటికోడలు చెయ్యి అందించింది, ఆమె కూడా జారింది. ఆమె చెయ్యి పట్టుకోవడానికి మూడో ఆమె, ఆ మూడో ఆమె కొంగు పట్టుకుని నాలుగో ఆమె. నిమిషం పట్టలేదు. కట్ట మీద బర్రెలు కాసుకుంటున్న ఒక పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు. ఆయనకు ఈత వచ్చు. అయినా దిగలేదు. మెట్ల మీద బోర్లా పడుకుని బర్రె పలుపు విసిరాడు. ముగ్గురు పట్టుకున్నారు. మిగిలిన ఒక్కరిని మేము ఇంటికి తీసుకురాలేకపోయాం. పోయింది మొదట జారిన చెల్లెలు కాదు, ఆమె కోసం చెయ్యి అందించిన తోటికోడలు.

అందుకే చెప్తున్నాను: ఎవరైనా నీళ్లలో పడితే మీరు దిగొద్దు. చీర విసరండి.

మునుగుతున్న మనిషికి అక్క, చెల్లి అన్న స్పృహ ఉండదు. ఊపిరి కోసం దొరికిన దాన్నల్లా కిందికి తొక్కి పైకి రావాలని చూస్తుంది. మీ భుజం దొరికితే భుజం తొక్కుతుంది, మెడ దొరికితే మెడ పట్టుకుంటుంది. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా ఆ పట్టు విడిపించుకోలేరు. పైగా మనం కట్టుకునేది చీర. తడిసిందంటే కాళ్లకు చుట్టుకుంటుంది, అడుగు కదలనివ్వదు. చేతులు పట్టుకుని వరసగా నిలబడితే బలం వస్తుందనుకుంటాం. నాచు మీద ఆ వరసే ఒకరి వెనక ఒకర్ని లోపలికి లాక్కుపోతుంది.

ఈ మాట బైబిలు స్టడీలో చెప్పినప్పుడు ఒక అక్క, పేతురు నీళ్లలో మునుగుతుంటే యేసు ప్రభువు చెయ్యి చాపాడు కదా అని అడిగింది. చాపాడు. ఆయన నీళ్ల మీద నిలబడి చాపాడు. మనం నిలబడలేం అక్కా.

2025 జూన్‌లో మేడిగడ్డ దగ్గర గోదావరిలో దిగి ఆరుగురు యువకులు మునిగిపోయారు. మనలో కొందరి ఊళ్లు అక్కడికి దగ్గరే, ఆ ఇళ్లలో ఏడుపులు విన్నవాళ్లూ ఉన్నారు. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. 2020 ఆగస్టులో తమిళనాడు పెరంబలూరు జిల్లా కొట్టరై డ్యామ్ దగ్గర నలుగురు యువకులు మునిగిపోతుంటే ముగ్గురు ఆడవాళ్లు కట్టుకున్న చీరలు విప్పి విసిరారు. నలుగురిలో ఇద్దరిని లాగగలిగారు. సిగ్గు గురించి ఆలోచించలేదు వాళ్లు. మనమూ ఆలోచించొద్దు.

చీర విసరడం ఎలాగంటే

చీర ఐదున్నర మీటర్లు ఉంటుంది. రెండు చీరలు ముడేస్తే చాలా వరకు ఒడ్డుకు దగ్గర్లో పడ్డ మనిషికి అందుతుంది. అందుకని బ్యాగులో ఒక పాత చీర వేరేగా పెట్టుకోండి, గట్టిది, చిరుగు పట్టనిది. లీటరు సీసాలో నాలుగు వేళ్ల నీళ్లుంచి మూత బిగించి కొసకు కట్టండి. ఉత్త చీర గాలికి వెనక్కి వస్తుంది, బరువుంటే దూరం పోతుంది. మునిగే మనిషి తలకు అవతల పడేలా విసరాలి, అప్పుడు గుడ్డ ఆమె మీదుగా వస్తుంది. మీరు బోర్లా పడుకోండి, ఇద్దరు మీ కాళ్లు పట్టుకోవాలి. కొసను మణికట్టుకు చుట్టుకోవద్దు. బస్సులో తెచ్చుకునే 20 లీటర్ల వాటర్ క్యాన్ ఖాళీ అయితే పారేయకండి. మూత గట్టిగా పెట్టి విసిరితే దాన్ని పట్టుకుని మనిషి తేలుతుంది. బావి చేంతాడు ఉన్నవాళ్లు అదీ తెండి.

బోటు ఎక్కేటప్పుడు

2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తూ కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో మన కాజీపేట పక్క కడిపికొండ వాళ్లు 14 మంది ఉన్నారు. ఐదుగురే తిరిగొచ్చారు. లైఫ్ జాకెట్ లేకుండా బోటులో కాలు పెట్టొద్దు. కొంగు జాకెట్ లోపల ఉండాలి, బకిల్స్ అన్నీ పడాలి. తర్వాత పక్కామెతో జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగించుకోండి. గడ్డం దాకా లేచిందంటే అది వదులు, నీళ్లలో తల మీదుగా ఊడిపోతుంది. సైజు సరిపోకపోతే ఇంకోటి అడగండి, లేదంటే ఒడ్డునే కూర్చోండి. ఫొటోలో పట్టుచీర కనిపించట్లేదని జాకెట్ తీసేసే అక్కలు మనలో ఉన్నారు. ఈసారి అలా తీస్తే నేను అందరి ముందే గట్టిగా అంటాను, బాధపడొద్దు. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు జరగడం కూడా వద్దు.

దారిలో

2023 జులైలో మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి ఊరు ఊరంతా నీళ్లలో మునిగింది, హెలికాప్టర్లు వచ్చాయి. ముత్యాలధార జలపాతం చూడ్డానికి వెళ్లిన 80 మంది దాకా వాగు పొంగి అడవిలో చిక్కుకుంటే సహాయక దళాలు వెళ్లి తేవాల్సి వచ్చింది. కాబట్టి కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే బస్సు ఆపించండి. పారే నీళ్లు రెండడుగులుంటే చాలు, కారును లాక్కుపోతాయి. డ్రైవరు "ఏం కాదమ్మా" అంటే మీరు దిగి నిలబడండి. లక్నవరం నుంచి అటే బొగత జలపాతం కూడా చూసొద్దామని ఎవరో అన్నారట. ఈ వానల్లో వద్దు.

ఇక మిగిలినవి గుర్తొచ్చినట్టు చెప్తాను, వరస చూడకండి.

టిఫిన్ బాక్సులు చెరువులో కడగొద్దు. మెట్లు, బండలు, మత్తడి మీద కాలు పెట్టొద్దు. మత్తడి మీద నీళ్లు పాదం మునిగేంతే కనిపిస్తాయి, కింద నాచు కనిపించదు. మోకాలి లోతే కదా అని నడవొద్దు. ఎండాకాలంలో పూడిక మట్టి కోసం జేసీబీలు తీసిన గుంతలు మన చెరువుల్లో ఎన్నో ఉన్నాయి, ఒక అడుగు మోకాలి లోతు, తర్వాతి అడుగుకు నేల ఉండదు. తెల్లవారుజామున ఏకాంత ప్రార్థనకు నీళ్ల ఒడ్డుకు ఒంటరిగా పోవద్దు. కట్ట మీద కూర్చోండి, ఇద్దరిద్దరుగా. ఉపవాసంలో ఉన్నవాళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఏదైనా తిన్నాకే బోటు ఎక్కండి. ఫిట్స్ వచ్చే చెల్లెళ్లు ముందే నాకో, పాస్టరమ్మ గారికో చెప్పండి, ఎవరికీ చెప్పం. వేలాడే వంతెన మీద ఊగొద్దు. ఉరిమితే నీళ్ల మీద ఉండొద్దు, చెట్టు కింద నిలబడొద్దు. పిల్లల్ని "మీరంతా చూస్తున్నారుగా" అని వదిలేయొద్దు. ఒక్కో పిల్లకు ఒక్కో అక్క, పేరు పెట్టి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. ఆ అక్క ఫోను చూడకూడదు.

మునిగే మనిషి సినిమాల్లోలా అరవదు. నోరు పైకెత్తి, చప్పుడు లేకుండా, చేతులు నీళ్లను కిందికి కొడుతూ ఉంటుంది. ఆడుకుంటోందనుకోవద్దు. అరవండి, విసరండి, 112 కొట్టండి. దిగొద్దు. సొంత అక్క అయినా దిగొద్దు. నీ బిడ్డ అయినా ముందు చీర, క్యాన్, తాడు. చేతికి ఏది దొరికితే అది విసురు, నువ్వు మాత్రం దిగొద్దు.

బయటికి తీశాక పొట్ట నొక్కొద్దు, తలకిందులు చేయొద్దు, గిరగిరా తిప్పొద్దు. ఊపిరి లేకపోతే తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఐదు ఊపిర్లు. తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కడం, రెండు ఊపిర్లు, మళ్లీ 30. 108 వచ్చే దాకా ఆపొద్దు, ఒకరు అలిసిపోతే ఇంకొకరు. ప్రార్థన చేసేవాళ్లు పక్కన చేయండి, నొక్కే చేతులు ఆగకూడదు. లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా సరే, నీళ్లు మింగిన మనిషిని అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఊపిరితిత్తుల్లో నీళ్లు పోతే కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం రావచ్చు.

శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక చర్చి వెనక గ్రౌండ్‌లో చీర విసరడం ప్రాక్టీసు పెడుతున్నాను. తాడు నేను తెస్తాను. ఒక్కొక్కరు ఒక పాత చీర, ఒక ఖాళీ సీసా పట్టుకుని రండి. పెద్దవయసు అక్కలు కూడా తప్పకుండా రావాలి, ఒడ్డున కూర్చుని నీళ్ల వైపు చూస్తూ ఉండేది మీరే.